తలుపు దగ్గర నిలబడ్డ లాంతరు పాప

పోయినవారం కంప్యూటర్లు బాగుచేసే స్క్రూలక్కని ఒక మూడుకాళ్ల స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా నల్లటి తెరొకటి పెట్టి, మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఇచ్చిన టీ చల్లారిపోయింది. తెర నల్లగానే ఉంది.

ఈవారమే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఈ ఇంట్లో బొమ్మలు వేసుకుని బతికిన అబ్బాయి పోయి ఎనిమిది నెలలైంది. రెండేళ్లు జబ్బుని ఒంట్లో పెట్టుకుని తిరిగాడు. కట్టుకున్న భార్యకి మాత్రం, ఇంక పంతొమ్మిది రోజుల్లో పోతాడనగా తెలిసింది. ఆవిడ ఏ పనీ తెలియని అమాయకురాలైతే అదో దారి. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. రోజుకి నలభైమంది నాడి పట్టుకునే మనిషికి, పక్కనే పడుకున్నవాడి ఒంట్లో ఏం జరుగుతోందో అంతుపట్టలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్న ఒక్క ప్రశ్న ఆవిణ్ణి అప్పట్నుంచీ పురుగులా తొలుస్తోంది.

జవాబు అతని కంప్యూటర్లో ఉందని నర్సమ్మ నమ్మకం. బొమ్మ గీసుకుంటూ తనలో తను మాట్లాడుకోవడం, ఆ మాటలు రికార్డు చేసుకోవడం అతని అలవాటు. అవన్నీ లోపలే ఉన్నాయి, పాస్‌వర్డ్ తాళంలో. ఆ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా పోయాడని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు.

అందరూ అంటే ఎంతమందని! నర్సమ్మ, ఆవిడ మావగారు, నాలుగేళ్ల చిట్టి. మావగారు ముప్ఫై ఆరేళ్లు సినిమాహాల్లో ప్రొజెక్టరు ఆడించిన మనిషి. హాలు మూతపడి చాలాకాలమైనా వీధిలో ఇప్పటికీ ఆపరేటరు గారనే పిలుస్తారు. "జబ్బు సంగతి నీతోపాటే నాకూ తెలిసిందమ్మా" అని ఆయన కోడలితో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "తెలిసి దాచినవాళ్లు ఇంకెవరన్నా ఉంటే, బతికుండగా వాళ్ల మొహం చూడను, నా పిల్లని చూడనివ్వను" అని ఆవిడ ఎన్నిసార్లు అందో దానికీ లెక్కలేదు.

ఇంక ఆ కంప్యూటరు సంగతి. మీట నొక్కగానే అందరి కంప్యూటర్లలా దానిమీద కంపెనీ గుర్తు రాదు. చీకటి వీధి ఒకటి వస్తుంది. లాంతరు పట్టుకున్న చిన్నపిల్ల ఎడంపక్క నుంచి నడుచుకుంటూ వచ్చి, కుడిపక్క ఇంటి తలుపు ముందు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. వెలుగు తెరంతా పరుచుకుని, అందులో పాస్‌వర్డ్ అడిగే గడి కనిపిస్తుంది. మిషను మేలుకునేటప్పుడు ఆడే ఇలాంటి బొమ్మని ఆ పని తెలిసినవాళ్లు బూట్ స్ప్లాష్ అంటారు. చిట్టి మాత్రం లాంతరు పాప అంటుంది. ఆ పాప చిట్టే. పిల్ల నడక నేర్చిన రోజుల్లో వాళ్ల నాన్న గీసి పెట్టాడు.

పదకొండు రోజులుగా పాప వచ్చి తలుపు దగ్గర నిలబడుతోంది, తలుపు తెరుచుకోవడం లేదు. తెర నల్లబడుతుంది. ఆ గడి ఉండే లాగిన్ స్క్రీన్ రెప్పపాటు వెలిగి ఆరిపోతుంది, మళ్లీ వెలిగి ఆరిపోతుంది. అయిదుసార్లు అలా గిలగిల్లాడి, ఇంక నా వల్ల కాదన్నట్టు ఆగిపోతుంది.

"వదినా, ఏమన్నా తెలిసిందా?" అంది నర్సమ్మ, గుమ్మంలో నిలబడి.

చనిపోయినవాడు స్క్రూలక్కని అక్కా అని పిలిచేవాడు. ఆ వరసన ఈవిడకి వదినైంది. ఆ మిషను బిగించింది కూడా స్క్రూలక్కే. దానికి బదులుగా ఆమె దుకాణం బోర్డు అతను రాసిపెట్టాడు. రిపేరుకి దుకాణానికి పంపమంటే ఆపరేటరు గారు పెట్టెని గడప దాటనివ్వలేదు. అందుకని సెలవుపూట సంచీ భుజానేసుకుని ఆవిడే ఇంటికొచ్చింది.

"కూర్చో. నువ్వలా గుమ్మంలో నిలబడితే నాకు ఆపరేషను చేస్తున్నట్టుంది."

నర్సమ్మ కూర్చుంది. ఒళ్లో మడతలు పడ్డ కాగితం ఉంది. ఆసుపత్రి కాగితం వెనకవైపు, వరసగా మాటలు రాసి ఒక్కోటీ కొట్టేసి ఉన్నాయి. చిట్టి పుట్టినరోజు, పెళ్లిరోజు, అతను చదివిన బడి, ఇష్టమైన రంగు. యాభై మూడు. డ్యూటీ నుంచి వచ్చి, వారానికి ఒకటో రెండో చొప్పున పాస్‌వర్డ్ గడిలో కొట్టి చూసి, తప్పని రాగానే గీత పెట్టేది. ఎనిమిది నెలలుగా ఆవిడ మొగుడితో మాట్లాడుకున్న మాటలంటే అవే. ఇప్పుడా గడి కూడా రావడం మానేసింది.

స్క్రూలక్క తన పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్నుంచి మిషను లేపింది. "అతని గదికి వేసిన తాళం నేను పగలగొట్టలేను, ముందే చెప్పాను. కానీ వసారా అంతా నాకు కనిపిస్తుంది. ఈ మిషను తన రోగం తనే రాసుకుంటుంది, చూడు. ఎన్నింటికి లేచింది, ఎక్కడ పడింది, అన్నీ."

"మా కేస్ షీట్ లాగా."

"అంతే. చేతిరాత మాత్రం మీ డాక్టర్లకంటే నయం."

నర్సమ్మ నవ్వబోయి మానేసింది. నవ్వడం అలవాటు తప్పిపోయింది పాపం.

వరసలు చదువుకుంటూ పోయిన స్క్రూలక్క ఒకచోట ఆగింది. లాగిన్ స్క్రీన్ వచ్చి తెర అడుగుతోంది. ఖాళీ లేదంటోంది మిషను. అది పడిపోతోంది. మళ్లీ లేచి అడుగుతోంది, మళ్లీ ఖాళీ లేదు. అయిదుసార్లూ అదే జవాబు.

"దొరికింది. తెరమీద ఇంకొకళ్లు కూర్చున్నారు. వాళ్లు లేవడం లేదు, ఈ లాగిన్ స్క్రీన్‌కి చోటు దొరకడం లేదు."

"ఎవరు కూర్చున్నారు?" అన్నాడు ఆపరేటరు గారు. ఇంతసేపూ కిటికీ దగ్గర మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ లాంతరు పాపే బాబాయ్ గారూ. నడిచొచ్చి, పని అయిపోగానే తప్పుకోవాలి. తప్పుకోవడం లేదు. మీకైతే ఇట్టే అర్థమవుతుంది. హాల్లో మీకు రెండు ప్రొజెక్టర్లుండేవి గదా?"

"ఉండేవమ్మా. ఒకదాన్లో రీలు అయిపోవస్తుంటే తెర మూల చుక్క పడుతుంది. ఆ చుక్క చూసి ఈ మిషను మూత వెయ్యాలి, ఆ మిషను మూత తియ్యాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయిందంటే రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. జనం ఈలలు, కేకలు..." చెప్తూ చెప్తూ ఆయన సగంలో ఆపేశాడు. మొహంలో రక్తం లేదు. స్క్రూలక్క తెరవైపు తిరిగి ఉండటంతో ఆ మొహం చూడలేదు. చూసి ఉంటే తర్వాత జరిగింది ఇంకోలా జరిగేదేమో.

"సరిగ్గా అదే. ఇక్కడ మొదటి మిషను మూత పడటం లేదు. రోగం అదో కాదో తేల్చుకుందాం" అని ఆవిడ లాంతరు పాపని రమ్మని పిలిచే మాటొకటి చెరిపి, పెన్‌డ్రైవ్ పీకి, మీట నొక్కింది.

చీకటి వీధి రాలేదు. లాంతరు రాలేదు. నల్లటి తెర మీద రెండు వరసల అక్షరాలు పరిగెత్తి, లాగిన్ స్క్రీన్ వచ్చింది. వచ్చి, నిలబడింది. పాస్‌వర్డ్ గడిలో సన్నటి గీత కొట్టుకుంటోంది.

నర్సమ్మ రెండు చేతుల్తో నోరు మూసుకుంది. పదకొండు రోజుల తర్వాత ఆ గడి కళ్లబడింది.

"పాప రాలేదేం తాతా?" అంది చిట్టి.

ఆపరేటరు గారు పిల్లని దించి లేచాడు. "తీసేశావా అమ్మాయ్?"

"పరీక్షకి తీశాను బాబాయ్ గారూ."

"తియ్యొద్దు. నీకు దణ్ణం పెడతాను. మళ్లీ పెట్టు."

"పెడితే ఇది పోతుంది గదా మావయ్యా!" నర్సమ్మ గొంతు లేచింది. "బొమ్మ లేకపోతే కొంపలేం మునగవు. నాకు లోపలికి దారి కావాలి."

"నీకు బొమ్మే కావచ్చు. వాడు చేసినవాటిలో కదిలేది అదొక్కటేనమ్మా. మిగతావన్నీ గోడలకి అతుక్కుని ఉన్నాయి."

"మరి నాకేం మిగిలింది? ఇదిగో, ఈ కాగితం మిగిలింది." ఆవిడ దాన్ని ఆయన మొహం ముందు పట్టుకుంది. "యాభై మూడు కొట్టివేతలు! కాపరం చేసినదాన్నేనా నేను? ఆయనకి ఏ మాట ఇష్టమో కూడా తెలియనిదాన్నా?"

చిట్టి పెదవులు వంకరపోయాయి, ఏడుపుకి సిద్ధంగా. స్క్రూలక్క అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టింది. "ఇద్దరూ నోరు ముయ్యండి కాసేపు. బొమ్మా ఉంటుంది, దారీ ఉంటుంది. పాప ఎందుకు తప్పుకోవడం లేదో చూడనివ్వండి నన్ను. వాడు అంత చేతకాని పనివాడు కాదు."

మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టింది. లాంతరు పాపని నడిపించే ఫైలు తెరిచింది. పొట్టి ఫైలు. పైన అతని మాటలే, తెలుగులో, తనకోసం తను రాసుకున్నవి. "పాప నడక. తొమ్మిది సెకన్లు. ఇంతకంటే పెంచకు, తలుపు దగ్గర ఇరుక్కుంటుంది."

చదువుతుంటే అతని గొంతు విన్నట్టై స్క్రూలక్కకి కళ్లు మసకబారాయి. తుడుచుకుని కింది వరస చూసింది. తొమ్మిది ఉండాల్సినచోట నలభై ఉంది.

తొమ్మిదని రాసుకున్నవాడు నలభై పెట్టడు. ఫైలు ఆఖరిసారి ఎప్పుడు మారిందో చూసింది. అతను పోయిన తర్వాత నెలనాటి తేదీ.

తనలా పెన్‌డ్రైవ్‌తో రాకపోతే, ఆ ఫైలు మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి. చెయ్యి ఆగక ఇంకో జాబితా తెరిచింది. లోపలికి ఎవరు ఎప్పుడు వెళ్లారో చెప్పే జాబితా. ఉదయం ఎనిమిది పది. ఉదయం ఎనిమిది పన్నెండు. ఎనిమిది పది. పేజీ తర్వాత పేజీ, వారాల తరబడి. నర్సమ్మ డ్యూటీకి బయల్దేరేది ఏడున్నరకి.

స్క్రూలక్క మెల్లగా తల తిప్పింది. ఆపరేటరు గారు ఆవిడనే చూస్తున్నాడు. రెండు చేతులూ దగ్గరకొచ్చి, దణ్ణంగా మారకుండానే ఆగిపోయాయి. చెప్పొద్దమ్మా అని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. నోటి దురుసుకి వీధిలో పేరున్న స్క్రూలక్క మళ్లీ తెరవైపు తిరిగింది. చెప్తే ఈ ముసలాయన కొంప కూలుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల యాభై నాలుగో మాట వెతుక్కుంటుంది. జాబితా మూసేద్దామని మౌస్ మీద చెయ్యి వేసింది.

"ఉండు వదినా" అంది నర్సమ్మ.

పదిహేనేళ్లుగా చార్టులు చదివిన కళ్లు ఆవిడవి. తేదీలు ఒక గడి, సమయాలు ఒక గడి. వెనక నుంచి వంగి, వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చింది. "ఇక్కడ ఖాళీ ఉంది. ఆ వారం చిట్టికి జ్వరం, నేను సెలవులో ఉన్నాను. ఇక్కడా లేదు, అది నా వీక్లీ ఆఫ్." వేలు ఆఖరి వరస మీద ఆగింది. "నేను ఇంట్లో లేని రోజులన్నీ ఉన్నాయి ఇందులో."

ఆవిడ నడుము నిటారు చేసి వెనక్కి తిరిగింది.

"మావయ్యా."

ఆయన కిటికీ అంచు పట్టుకున్నాడు. "తొమ్మిది సెకన్లమ్మా. తొమ్మిదే ఇచ్చాడు వాడు. అలా వచ్చి ఇలా వెళ్లిపోయేది. హాల్లో రీలు తెగితే నేను ముక్క వదలకుండా అతికేవాణ్ణి, ఒక్క ఫ్రేము పోనిచ్చేవాణ్ణి కాదు. ఇది మాత్రం అంతలోనే అయిపోతుంటే చూడలేకపోయాను. అంకె కనిపించింది, నలభై చేశాను. అంతా బాగానే ఉండేది. ఈమధ్య ఏదో అప్‌డేట్ చెయ్యమంటారా అని అడిగింది, సరే అన్నాను."

"అందుకన్నమాట బొమ్మ ఆలస్యమయ్యేది. మిషను ముసలిదైపోతోంది అనుకున్నాను నేను" అంది నర్సమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "ఆ అప్‌డేట్‌తో వచ్చిన లాగిన్ స్క్రీన్‌కి ఆగే ఓపిక లేదు, అంతే గదా వదినా? సరే. అది వదిలెయ్యండి. పాస్‌వర్డ్ మీకెలా తెలుసు?"

"వాడే చెప్పాడు. ఆసుపత్రిలో."

"నాకు చెప్పమన్నాడా?"

ఆయన చిట్టి వైపు చూశాడు.

"మిమ్మల్నే మావయ్యా. నాకు చెప్పమన్నాడా, లేదా?"

"చెప్పమన్నాడు."

నర్సమ్మ కాగితం విప్పి ఒడిలో పరుచుకుంది. "నలభై ఒకటో మాట. 'వాడి బడి పేరు పెట్టి చూడమ్మా' అని ఎవరన్నారు? నలభై ఆరు. 'చిన్నప్పుడు పెంచిన కుక్క పేరు పెట్టు' అన్నదెవరు? నా పక్కన కూర్చున్నారు. టీ పెట్టి ఇచ్చారు. తప్పని రాగానే నాకంటే ముందు మీరు నిట్టూర్చేవారు." ఒక్కో మాటకీ వేలు ఒక్కో గీత మీద పడుతోంది. "ఏడ్చుకుంటూ పడుకున్న రాత్రులు మీకు వినపడలేదా? గోడకి అటువైపే గదా మీ మంచం!"

"వినపడింది తల్లీ. ప్రతి రాత్రీ వినపడింది."

"మరెందుకు?"

"వాడి గొంతు వినేవాణ్ణి రోజూ. ఒక్క గంట. నువ్వొస్తే..." ఆయన అక్కడ మింగేశాడు. ఆ మాటకి ఇంకో సగం ఉందని స్క్రూలక్కకి అనిపించింది. నర్సమ్మకి అనిపించలేదు. పంచుకోవడం ఇష్టంలేక దాచుకున్నాడనే ఆవిడ అర్థం చేసుకుంది, ఆయన కాదనలేదు.

స్క్రూలక్క చేతిలో పని ఒక్కటే మిగిలింది. నలభై చెరిపి తొమ్మిది వేసింది. చెరిపిన మాట తిరిగి రాసింది. పెన్‌డ్రైవ్ తీసి మీట నొక్కింది.

చీకటి వీధి వచ్చింది. ఎడంపక్క నుంచి లాంతరు కదిలింది. చిన్నచిన్న అడుగులు, కొంచెం తూలుతూ, అచ్చం చిట్టి నడక. తలుపు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది, వెలుగు తెరంతా పరుచుకుంది, ఆ వెలుగులో పాస్‌వర్డ్ గడి వచ్చి నిలబడింది.

"పాప ఇంట్లోకెళ్లిపోయింది!" చిట్టి చప్పట్లు కొట్టింది. మిగతా ముగ్గురిలో ఎవరి చేతులూ లేవలేదు.

నర్సమ్మ కుర్చీ పక్కకి జరిపింది. "రండి. కొట్టండి."

ఆపరేటరు గారు వచ్చి కూర్చున్నాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. గడిలో చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి. నర్సమ్మ లెక్కపెట్టింది. పద్దెనిమిది. తన కాగితంలో అంత పొడుగు మాట ఒక్కటీ లేదు. ఆఖరి మీట దగ్గర ఆ వేలు ఆగిపోయింది.

"అమ్మా, ఒక్క మాట. ఇది విన్నాక నువ్వు నన్నేమన్నా పడతాను. చిట్టిని మాత్రం నాకు దూరం చెయ్యకు."

"పాస్‌వర్డ్ దాచినందుకు అంత శిక్షెందుకు వేస్తాను మావయ్యా? నాకు కోపం ఉంది, నిజమే. కానీ కొడుకు పోయినవాళ్లు మీరు." ఆవిడ ఆయన చెయ్యి పక్కకి తీసింది, మెత్తగానే, రోగి చెయ్యి తీసినట్టు. తనే ఆఖరి మీట నొక్కింది.

మిషను లోపలికి తీసుకెళ్లింది. గీసి వదిలేసిన బొమ్మలు, పక్కన ఒక ఫోల్డరు. ఫోల్డరు నిండా రికార్డింగులు, పేర్లకి బదులు తేదీలు. నర్సమ్మ పైకంటా వెళ్లి అన్నింటికంటే పాతదాన్ని పట్టుకుంది. అతను పోవడానికి రెండేళ్ల ముందుది. ఆ తేదీ చూడగానే ఆవిడకి అది ఏ రోజో తెలిసిపోయింది. అతని ఆఖరి పంతొమ్మిది రోజుల్లో ఆవిడ చేతికొచ్చిన రిపోర్టుల కట్టలో అన్నింటికంటే అడుగున ఉన్న కాగితం మీద కూడా అదే తేదీ.

స్క్రూలక్క స్టూలు మీంచి లేచి చిట్టిని ఎత్తుకుంది. ఆపరేటరు గారు కుర్చీలో ముడుచుకుపోయాడు.

ముందు పెన్సిలు గీకుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత చిన్న దగ్గు. తర్వాత అతను. ఎనిమిది నెలల తర్వాత నర్సమ్మ తన మనిషి గొంతు విన్నది.

"ఇది నీకే. సాయంత్రం నువ్వు డ్యూటీ నుంచి రాగానే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేద్దామనుకుంటున్నాను. ముందు ఇక్కడ చెప్పుకుంటున్నాను, అప్పుడు తడబడకుండా ఉంటానని. ఇవాళ రిపోర్టు వచ్చింది..."

నర్సమ్మ కళ్లు మూసుకుంది. చెప్పాలనుకున్నాడు. తనకి చెప్పాలనే అనుకున్నాడు! రెండు చెంపల మీదా నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

రికార్డింగులో తలుపు చప్పుడైంది. పెన్సిలు ఆగింది. ఇంకో గొంతు వినబడింది. పొద్దున్న టీ పెట్టి ఇచ్చిన ఆపరేటరు గారి గొంతే, ఇంకా మాట చివర్లు వణకని రోజులది.

"ఎవరితోరా మాట్లాడుతున్నావు? కోడలికి చెప్పనని ఇందాకే గదా నా మీద ఒట్టేసి వచ్చావు!"